మజ్జిగ గ్లాసు వెనక పనితనం

ఆషాఢ శుద్ధ చతుర్దశి వచ్చిందంటే విశాఖకు ఆ రాత్రి నిద్ర ఉండదు. సింహాచలం కొండ కింద తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి బయల్దేరిన జనం అడవివరం, హనుమంతవాక మీదుగా అప్పుఘర్ దగ్గర సముద్రానికి చేరతారు. అక్కణ్ణించి ఊరి నడుమగా కంచరపాలెం, మాధవధార, ఎన్‌ఏడీ, గోపాలపట్నం దాటి మళ్లీ సింహాచలం దేవుడు అప్పన్న కొండ కిందికి వస్తారు. మొత్తం 32 కిలోమీటర్లు, చాలామందికి చెప్పుల్లేకుండానే. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల వాళ్లుంటారు, ఒడిశా వాళ్లుంటారు. దారి పొడవునా ఎవరో ఒకరు బల్ల వేసి నీళ్లో, మజ్జిగో, పులిహోరో అందిస్తూనే ఉంటారు. మా వీధివాళ్లం మాధవధార వైపు ఏటా ఒక బల్ల వేస్తాం.

ఈ గిరిప్రదక్షిణ రాత్రులు నాకు నేర్పింది ఒకటే. సేవ మంచి మనసుతో మొదలవుతుంది, పనితనంతో నిలబడుతుంది.

మజ్జిగే తీసుకోండి. ఉక్కపోతలో అంతసేపు నడిచిన ఒంట్లోంచి చెమటతో పాటు ఉప్పూ పోతుంది. అందుకని ఉప్పు సరిగ్గా పడాలి. పులిసిన పెరుగు ఖాళీ కడుపుకి పడదు, కమ్మటిది తోడేసుకోవాలి. అల్లం, కరివేపాకు దంచి, వడకట్టి మరీ కలుపుతాం. చీకట్లో నడుస్తూ తాగేవాళ్ల గొంతులో ఏదీ అడ్డం పడకూడదు కదా.

అందించడానికీ ఓ పద్ధతి ఉంది. నడిచేవాళ్లను ఆపకూడదు. మా బల్ల దగ్గరికి వచ్చేసరికి ఇరవై కిలోమీటర్లు దాటి ఉంటాయి, ఆ కాళ్లు ఆగితే మళ్లీ కదలవు. మనమే నాలుగడుగులు పక్కన నడిచి గ్లాసు చేతిలో పెట్టాలి, అదీ ముప్పాతిక నింపి. చెత్త డ్రమ్ము బల్ల పక్కన పెడితే దండగ. తాగడం అయ్యేసరికి మనిషి యాభై అడుగులు ముందుంటాడు, డ్రమ్మూ అక్కడే ఉండాలి. లేదంటే నలిగిన గ్లాసులూ ఒలికిన మజ్జిగా వెనకొచ్చేవాళ్ల ఉట్టి పాదాల కిందికి చేరతాయి.

మాటలోనూ అంతే. "ఇంకెంత దూరం ఉంటాది బాబూ?" అని ఓ పెద్దావిడ అడిగితే "దగ్గరేనమ్మా" అనేయడం తేలిక. అలా అనకూడదు. "ఎన్‌ఏడీ దాటాలి, ఆ తర్వాత గోపాలపట్నం, ఆపైన గోశాల" అని ఉన్నది చెప్పాలి. దారి తెలిస్తే ఓపిక ఎక్కడ దాచుకోవాలో ఆవిడే చూసుకుంటుంది.

ఈ క్రమం మా వీధికి స్టీల్‌ప్లాంట్ నుంచీ పోర్టు నుంచీ వచ్చింది. ప్లాంటులో రిలీవర్ రానిదే ఎవరూ చోటు వదలరు. వచ్చినవాడికి ఏది అయిందో, ఏది మిగిలిందో అప్పజెప్పాకే ఇంటి దారి. బీ షిఫ్టు దిగి నేరుగా బల్ల దగ్గరికొచ్చే మా పక్కింటాయన ముందుగా అడిగేది "నా తర్వాత ఎవరు?" అనే. ఆ ప్రశ్న లేనిచోట సాయంత్రం హుషారుగా వేసిన బల్లలు నడిరాత్రికి ఖాళీ డ్రమ్ములతో మిగిలిపోతాయి. నీళ్ల కోసం కళ్లు వెతికేది సరిగ్గా అప్పుడే.

మరి మాకేం వచ్చింది? పుణ్యం లెక్క అప్పన్నకే తెలుసు, నా కళ్ల ముందు జరిగింది చెబుతాను. 1933లో పోర్టు తెరిచాక, ఆ తర్వాత నేవీ కోసం, షిప్‌యార్డు కోసం, ఉక్కు కోసం ఎక్కడెక్కడి వాళ్లో వచ్చి పెరిగిన ఊరిది. షిఫ్టుల ఇళ్లలో ఒకరు పడుకునే వేళకి పక్కవారు లేస్తారు. ఏళ్ల తరబడి ముఖపరిచయం కూడా ఉండదు. ఒక్క రాత్రి కలిసి గిన్నెలు మోస్తే పెద్ద గుండిగ ఎవరింట్లో ఉందో, ఎవరికి ఆటో ఉందో, ఏ ఇంట్లో పసిబిడ్డ ఉందో తెలిసిపోతుంది. 2014లో ఆషాఢం వెళ్లిన మూడు నెలలకే, అక్టోబరు 12 ఆదివారం నాడు, హుద్‌హుద్ తుపాను విరుచుకుపడింది. గంటకు 170 కిలోమీటర్లు దాటిన గాలికి చెట్లు కూలాయి, విమానాశ్రయం పైకప్పు చెదిరింది, కరెంటు రోజుల తరబడి లేదు. మా వీధిలో సమావేశం పెట్టాల్సిన పని పడలేదు. గుండిగ పొయ్యెక్కింది, ఆటో నీళ్లకు వెళ్లింది, దొరికిన పాలు ముందు పసిబిడ్డల ఇళ్లకు చేరాయి.

బల్ల దగ్గరికి కాలేజీ పిల్లలూ వస్తారు. జాతీయ సేవా పథకం (ఎన్‌ఎస్‌ఎస్)లో ఏడాదికి 120 గంటలు, రెండేళ్లకు 240 గంటలు సేవ చేయాలన్నది నియమం. సర్టిఫికెట్ కోసం వచ్చారని కొందరు పెదవి విరుస్తారు. నేను విరవను. గ్లాసులు పంచే పని ఒక్కటే ఇస్తే ఆ పిల్లలు గంటలే లెక్కపెట్టుకుంటారు. డ్రమ్ము ఎక్కడ పెట్టాలో, బల్ల ఏ మలుపులో వేయాలో తేల్చే బాధ్యత ఇచ్చి చూడండి, మరుసటి ఏడు నలుగుర్ని వెంటబెట్టుకొస్తారు.

తెల్లారాక రోడ్డు మీద మిగిలే చెత్త నగరపాలక సంస్థ (జీవీఎంసీ) పారిశుద్ధ్య కార్మికుల నడుం మీద పడుతుంది. మన పుణ్యానికి వాళ్లెందుకు కష్టపడాలి? అందుకే ఈసారి బల్ల వేద్దామనుకునేవాళ్లకు నా మాట: పది బల్లలున్న చోట పదకొండోది వద్దు, ఎవరూ లేని దారి వెతకండి. రాత్రి రెండు నుంచి అయిదు దాకా ఎవరుంటారో పేర్లు ముందే రాసుకోండి. గ్లాసుల కంటే ముందు చీపుర్లు కొనండి.