బోధిసిరి మాట

బౌద్ధం కోసం హిమాలయ లోయలకు వెళ్తాం. కానీ మిర్యాలగూడకు దగ్గర్లోని కృష్ణాలోయలో, నాగార్జునకొండ దగ్గర, క్రీ.శ. 3వ శతాబ్దంలోనే ఉపాసిక బోధిసిరి కాశ్మీర, గాంధారాల పేర్లను ప్రాకృత శాసనంలో చెక్కించింది. ఆ దేశాలకు ధర్మం చేర్చిన తామ్రపర్ణి ఆచార్యుల కోసం చైత్యగృహం కట్టించినట్టు అందులో ఉంది.

చరిత్రకారులకు ఆమె దాత. నేనామెను రచయిత్రిగానూ చదువుతున్నాను. వాసిష్ఠీపుత్ర, మాఠరీపుత్ర అనే ఇక్ష్వాకు రాజుల బిరుదుల్లో తల్లి గోత్రమే మిగిలింది, పేరు లేదు. బోధిసిరి పుణ్యం పంచుతూ తల్లినీ, తోబుట్టువులనూ పేరుపేరునా తలుచుకుంది. తననూ ఒకరి భార్యగా, కూతురిగానే చెప్పుకుంది, నిజమే. అయినా ఆమె చూపు ఇంటి దగ్గర ఆగలేదు.

నాగార్జునసాగర్ ఆ లోయను ముంచింది. ఎడమ కాలువ నీటితో మిర్యాలగూడ వరి పండిస్తోంది. తెలుగు నేల స్త్రీల సాహిత్య చరిత్రలో బోధిసిరికి చోటివ్వకపోతే, ఆమెను రెండోసారి ముంచేది మనమే.