కళాపూర్ణోదయము: అద్భుతకల్పనయందు నియమపాలనము

కల్పితకథలో ఏమైనను జరుగవచ్చునను అభిప్రాయము మన విద్యార్థులలో తరచుగా కానవచ్చును. ఇది సరికాదు. కవి లోకనియమములను విడిచినపుడు క్రొత్త నియమములను స్థాపింపవలెను. వానికి తానే మొదట బద్ధుడు కావలెను. కేవలమానుషుడగు రాజు సప్తసముద్రములను లంఘించెనని వర్ణించుట నీరసమగునని ఆనందవర్ధనుడు ధ్వన్యాలోక తృతీయోద్ద్యోతమున చెప్పియున్నాడు. అచట దోషము అద్భుతమునందు లేదు. ఆ శక్తి ఆ పాత్రకు తగకుండుటయందున్నది.

ఈ దృష్టితో పరిశీలింపదగిన తెలుగు కావ్యములలో అగ్రగణ్యము 16వ శతాబ్దమున పింగళి సూరన రచించిన కళాపూర్ణోదయము. చిత్తూరు చెంతనున్న కట్టమంచికి చెందిన రామలింగారెడ్డిగారు 1914లో వెలువడిన కవిత్వతత్త్వవిచారమున దీనిని విస్తరించి చర్చించిరి. అప్పటినుండి ఇందలి కథాసంవిధానమును మెచ్చుకొనుట పరిపాటి అయినది. కాని సంవిధానము వేఱు, నియమపాలనము వేఱు. మొదటిది ఘటనల కూర్పు. రెండవది ఆ ఘటనలు ఎట్లు సాధ్యమైనవను ప్రశ్నకు సమాధానము.

సూరన సృష్టించిన లోకమునకు మూలనియమ మొక్కటే: బ్రహ్మ పలికినది జరిగితీరవలెను. సరస్వతితో ప్రణయవినోదవేళ ఆయన చమత్కారముగా ఒక కథ చెప్పెను. మణిస్తంభము, దానియందు ప్రతిఫలించిన దేవి ముఖము మొదలగునవే ఆ కథలో వ్యక్తులైనవి. వేడుకకు పలికినను బ్రహ్మవాక్కు వ్యర్థము కారాదు గనుక ఆ కథ భూమిపై నడువవలసివచ్చెను.

కవికి పరీక్ష ఇచటనే. ఆ కథ ప్రకారము కళాపూర్ణునికి సుముఖాసత్తి తండ్రి, మణిస్తంభుడు తల్లి. లోకమున సుముఖాసత్తి భార్య, మణిస్తంభుడు భర్త. పేర్లు తారుమారు చేసినచో చిక్కు సులువుగా తీరును. సూరన అట్లు చేయలేదు. ఆ దంపతులకు స్త్రీపురుషత్వముల వినిమయము కల్పించి, పలికిన మాటను అక్షరశః నిలిపెను.

రూపపరివర్తనవిషయమునను ఇంతే. నలకూబరుని కోరి కలభాషిణి రంభారూపము ధరించెను. ఆమెకు దొరకినవాడు నలకూబరుని రూపము దాల్చిన మణికంధరుడు! ఒకరికి చెల్లిన మాయ మఱియొకరికిని చెల్లును, వంచించినవారే వంచితులైరి. పాఠకుడు ఆశ్చర్యపడునేగాని, అన్యాయమని అనజాలడు.

సర్వమును బ్రహ్మవాక్కుచేతనే జరిగినచో పాత్రల ఇచ్ఛకు తావేదియని ఆక్షేపింపవచ్చును. ఆ వాక్కు గమ్యమును నిర్ణయించినది. అచటికి నడిపించినవి వారివారి కోరికలే. కలభాషిణిని ఆ రూపము ధరింపుమని ఎవరును నిర్బంధింపలేదు.

అయినను నియమపాలన మొక్కటియే కావ్యమునకు చాలదు. మణిప్రభావముచే శిశువగు మధురలాలస పూర్వవృత్తాంతమును వెల్లడించిన పిదప ఉత్కంఠ సన్నగిల్లుచున్నది. చిక్కు విడిన తరువాత కథను నిలుపవలసినది రసము. ఉత్తరభాగమున ఆ బలము తగ్గినదని నా అభిప్రాయము.

పాకాల కూడలిలో తిరుపతి, కాట్పాడి, ధర్మవరము దారులు కలియును. బండి వచ్చిన పిదప పట్టాలు పఱచువారు లేరు గదా! నేటి అద్భుతనవలలలోను చలనచిత్రములలోను నాయకుడు ఆపదలో పడిన క్షణముననే క్రొత్త శక్తి పుట్టుచుండుట అరుదు కాదు. అట్టిచో ఆపదకు విలువ లేదు, గెలుపునకును విలువ లేదు. సూరన ముందే పట్టాలు పఱచెను. వానిని మనకు చూపుట మాత్రము ఆలస్యము చేసెను. అద్భుతకథను పరిశోధించువారు మొదట వెదకవలసినది ఆ పట్టాలనే.