నందికనమ దారిలో సైకిలు విద్య

ప్రకాశం బ్యారేజి మీదుగా కృష్ణను దాటి, సీతానగరము కొండ ప్రక్కగా మలుపు తిరిగినంతనే తాడేపల్లి వచ్చును. అచ్చటి నుండి మంగళగిరి, గుంటూరు, నరసరావుపేట, వినుకొండల మీదుగా పడమటికి సాగి, కంభము, గిద్దలూరు చేరి, నల్లమలను నందికనమ వద్ద దాటి, నంద్యాల మైదానమున దిగు బాట యొకటి కలదు. పత్తియు మిరపయు పండు నల్లరేగడి నేలలను, మెట్టచేల మధ్య ఒంటరిగా లేచిన రాతిగుట్టలను, ఆ పిమ్మట దట్టమైన అడవిని, కనమను, దిగుడును వరుసగా చూపు ఈ బాట, సైకిలు మీద దూరప్రయాణము చేయు విద్యను అభ్యసింపదలచిన వారికి మన సీమలో లభించిన గొప్ప అవకాశమని నా నిశ్చితాభిప్రాయము.

విద్య యని ఏల అనవలసి వచ్చినదనగా, కొండ నెక్కుటకు కావలసినది కండబలమని, అది గలవాడు ఎక్కుననియు లేనివాడు ఆగిపోవుననియు మనలో పలువురు తలచుచున్నారు. ఇది సత్యమునకు దూరము. బలమును నమ్మి తొలి గంటలోనే విజృంభించిన యువకుడు వినుకొండ చేరకమునుపే చెట్టునీడన చతికిలబడుటయు, యాభై యేండ్లు దాటిన పెద్దమనిషి తొందరలేని పెడలుతో కనమ పాదమును చేరుటయు ఈ ప్రయాణముల నెఱిగిన వారికి వింత గాదు. కనమను దాటించునది మితము. శక్తిని ఎంత వెచ్చింపవలెనో, ఎంత మిగుల్చుకొనవలెనో తెలిసిన బుద్ధియే ఈ విద్యకు ప్రాణము.

ఈ విద్య ప్రధానముగా ఫ్రాన్సు దేశమున వర్ధిల్లినది. 1891లో పారిస్ నగరము నుండి పశ్చిమ సముద్రతీరమందలి బ్రెస్ట్ రేవుకు పోయి మరల పారిస్ చేరు సుమారు 1200 కిలోమీటర్ల సైకిలు పందెము జరుగగా, షార్ల్ టెరో అను వీరుడు ఇంచుమించు 71 గంటలలో దానిని ముగించి ప్రథముడైనాడు. 1910లో టూర్ ద ఫ్రాన్స్ పందెము మొదటిసారిగా పిరనీ పర్వతముల ఎత్తయిన కనమల మీదుగా నడచినది. 2115 మీటర్ల ఎత్తున నున్న టూర్మలే కనమను నాటి పందెగాండ్రు మట్టిబాటల మీద బరువైన యంత్రములతో ఎక్కిరి. అయినను పందెమును సాధనగా మార్చి, గెలుపుతో నిమిత్తము లేని యాత్రికునకు ఒక శాస్త్రమును ప్రసాదించిన వాడు పాల్ ద వివీ. వెలోసియో యను కలము పేరుతో ప్రసిద్ధి కెక్కిన ఈతడు 1853లో వోక్లూజ్ మండలమున జన్మించెను. ద్రాక్షతోటలు కనుచూపు మేర పరచుకొని, వాటి నడుమ 1900 మీటర్లకు పైగా వాంటూ పర్వతము ఒంటరిగా లేచి నిలుచు దేశమది. సెంటెటియెన్ నగరమున పట్టు వ్యాపారము చేసి, తరువాత సైకిళ్ల వర్తకమునకు మరలి, 1887లో సైకిలు యాత్రికుల కొరకు పత్రికను స్థాపించి, 1930లో కన్నుమూయు వరకు ఆయన ఈ విద్యనే బోధించెను.

ఆయన బోధించిన నియమములు ఏడు. వాటి సారము మన మాటలలో ఇట్లు చెప్పుకొనవచ్చును: విశ్రాంతి కొరకు తరచుగా ఆగరాదు, ఆగినను ఎక్కువ సేపు నిలువరాదు; ఆకలి కాకమునుపే తినవలెను, దప్పి కాకమునుపే త్రాగవలెను; అన్నము సహింపనంతగా, నిద్ర పట్టనంతగా అలసిపోరాదు; చలి వేయకమునుపే కప్పుకొనవలెను, ఉక్కపోయకమునుపే విప్పుకొనవలెను; యాత్ర సాగినంత కాలము మద్యము, మాంసము, పొగాకు విడువవలెను; తొలి గంటలలో ముఖ్యముగా దేహమును బలవంత పెట్టరాదు; మెప్పు కొరకు ఎన్నడును తొక్కరాదు. ద్రాక్షసారాయమునకు పేరుపొందిన సీమలో పుట్టినవాడు దారిలో దానిని ముట్టవలదని చెప్పుట ఆయన చిత్తశుద్ధికి నిదర్శనము. ఈ ఏడింటిలో నాకు చివరిది మిక్కిలి గొప్పదిగా తోచును. తక్కిన ఆరింటిని మనచే ఉల్లంఘింపజేయునది ఆ ఒక్క అహంకారమే గదా!

ఇక ఎక్కుడు యొక్క లెక్కను చూతము. వంద మీటర్ల దూరమునకు ఆరు మీటర్ల ఎత్తు పెరుగు బాటను ఆరు శాతము ఏటవాలు గలదందురు. ముందు పళ్ళచక్రమున 44 పళ్ళు, వెనుక ఫ్రీవీలున 18 పళ్ళు గల మన పాతకాలపు సైకిలు, పెడలు ఒక చుట్టు తిరిగినంతలో సుమారు ఐదున్నర మీటర్లు ముందుకు పోవును. అనగా ఆరు శాతపు ఏటవాలున ఒక్క చుట్టులో మనిషి తన్నును, బండిని ముప్పది సెంటీమీటర్లకు పైగా పైకెత్తవలెను. ముందు 34, వెనుక 34 పళ్ళు గల గేరున అదే చుట్టు సుమారు రెండు మీటర్లు మాత్రమే పోవును గనుక, ఎత్తవలసినది పదమూడు సెంటీమీటర్లకు మించదు. మొత్తము శ్రమ తగ్గలేదు. అది చిన్న చిన్న పాళ్ళుగా విభజింపబడినది. మోకాళ్ళకు ఇంతకంటె మేలు వేరొకటి లేదు. వెలోసియో ఈ మార్పు గేర్ల కొరకు జీవితాంతము వాదించినను, టూర్ ద ఫ్రాన్స్ నిర్వాహకులు వాటిని 1937 వరకు పందెములో అనుమతింపలేదు. నేడు గేరు మార్చుట బలహీనత యని సిగ్గుపడు కుర్రవాండ్రు ఈ చరిత్రను గుర్తుంచుకొందురు గాక.

కనమ మొదలుకాక మునుపే చిన్న గేరునకు మారవలెను. ఏటవాలు మీద చైను బిగిసిన తరువాత మార్చుట యంత్రమునకు హాని. నిమిషమునకు అరవై డెబ్బది చుట్లు తగ్గకుండ, ప్రక్కవానితో రెండు మూడు మాటలు పలుకగలిగినంత ఊపిరి మిగులునట్లు తొక్కవలెను. మలుపు లోపలి అంచున బాట నిటారుగా నుండును గనుక, వెనుక బండి లేనప్పుడు కొంచెము వెలుపలిగా పోవుట సుఖము. మనిషియు సైకిలును కలిసి ఎనుబది కిలోల బరువున్నప్పుడు మూడు వందల మీటర్ల ఎత్తు ఎక్కుటకు, దేహము తిన్నదానిలో నాలుగవ వంతును మాత్రమే పనిగా మార్చగలదను లెక్కన, సుమారు 230 కెలోరీలు ఖర్చగును. అది నాలుగైదు ఇడ్లీల సత్తువ. కొండ మనలను భయపెట్టినంతగా అడుగదు. అడిగినది మాత్రము వేళకు ఇచ్చి తీరవలెను.

దిగుడున ప్రమాదమెక్కువ. ఎక్కునప్పుడు తప్పు చేసినవాడు అలసిపోవును; దిగునప్పుడు తప్పు చేసినవాడు పడిపోవును. వేగమును మలుపునకు ముందే, బండి నిటారుగా నున్నప్పుడే, రెండు బ్రేకులతోను తగ్గించుకొనవలెను. మలుపులో వంగి యున్నప్పుడు బ్రేకు గట్టిగా నొక్కినచో చక్రము జారును. వెలుపలి వైపు పెడలును క్రిందికి దించి, దానిపై బరువుంచి, చూపును ముందరి గుంతపై గాక మలుపు ముగియు చోట నిలుపవలెను. ఆపకుండ నొక్కి పట్టిన బ్రేకు వలన రిమ్ము కాగి ట్యూబు పేలుటయు కలదు. అందుచేత నొక్కుచు విడుచుచు దిగుట మర్యాద. ఎక్కుటలో పట్టిన చెమట దిగుటలో చలియగును గనుక, కనమ తలమీదనే ఛాతీకి ఒక గుడ్డ కప్పుకొనుట మరువరాదు.

మన సీమకు ప్రత్యేకములైన పాఠములు మరికొన్ని కలవు. కార్తీకము మొదలు సంక్రాంతి వరకు ఈ ప్రయాణమునకు ఉత్తమ కాలము. వేసవిలో, విశేషించి రోహిణి కార్తెలో, పగటి ప్రయాణము ప్రాణాంతకము. పత్తి తీయు దినములలో బోరెములు నింపుకొన్న ట్రాక్టర్లు బాటను సగము ఆక్రమించి నడచును. వాటి వెనుక నంటి పోక, తోలువానికి కనబడు దూరమున నుండవలెను. మాఘ ఫాల్గుణములలో కళ్ళాల నిండ మిరప ఎండునప్పుడు గాలివాటున వచ్చు ఘాటు కన్నులకు, గొంతుకు సోకును. కండ్లద్దాలును, ముక్కునకు తడిగుడ్డయు ఉపకరించును. బాట అంచున పల్లేరుకాయలు, సర్కారు తుమ్మముళ్ళు చక్రముల కొరకు కాచుకొని యుండును. అదనపు ట్యూబు, అతుకు సామాను, గాలిపంపు లేక బయలుదేరుట అవివేకము. వాన కురిసిన తరువాత డొంకలోనికి దిగినచో నల్లరేగడి చక్రమునకు చుట్టుకొని రెండు గజములలో బండిని నిలిపివేయును. ఆహారమునకు చింతపండు పులిహోర, అరటిపండ్లు, వేరుశనగ ఉండలు. పానమునకు ఉప్పు వేసిన మజ్జిగ. ఎండలో గంటకు అర లీటరునకు తగ్గకుండ త్రాగవలెను.

ఈ అభ్యాసమునకు దైవము మనకు మెట్లు కూడ అమర్చినట్లున్నది. మొదటిది తాడేపల్లికి కూతవేటు దూరమున మంగళగిరి పానకాలస్వామి కొండకు పోవు ఘాట్ రోడ్డు. రెండవది రెడ్డిరాజుల రాజధానియై, శ్రీనాథుడు విద్యాధికారిగా వెలసిన కొండవీడు. ఆ దుర్గమునకు నేడు ఘాట్ రోడ్డు కలదు. మూడవది నరసరావుపేట చెంత, శివరాత్రికి విద్యుద్దీపాల ప్రభలతో వెలుగు కోటప్పకొండ. ఈ మూడింటిని ఊపిరి నిలుపుకొని ఎక్కగలిగినవాడు నల్లమలకు అర్హుడు. అటుపై వినుకొండ దాటి, గుండ్లకమ్మకు అడ్డముగా విజయనగర కాలమున కట్టిన కంభము చెరువును చూచి, గిద్దలూరులో రాత్రి విశ్రమించి, తెల్లవారిన పిమ్మట కనమకు పోవుట క్రమము. చిరుతలును పులులును సంచరించు ఆ అడవిలో చీకటివేళ ప్రయాణము తగదు. ఆగిన చోట కోతులకు మేత వేయుటయు, కాగితములు పారవేయుటయు తగవు. ఈ మార్గమునకు మరియొక సుగుణమేమనగా, గుంటూరు నుండి నరసరావుపేట, వినుకొండ, కంభము, గిద్దలూరు, దిగువమెట్ట మీదుగా నంద్యాలకు పోవు రైలుదారి దీనికి చేరువగా సాగును. డస్సినవాడు గర్వము వీడి రైలునెక్కి ఇల్లు చేరవచ్చును.

పారిస్–బ్రెస్ట్ యాత్ర నేడు నాలుగేండ్లకొకసారి, పందెముగా గాక, 90 గంటలలో ముగింపవలసిన పరీక్షగా జరుగుచున్నది. దానికి అర్హత నిచ్చు 200, 300, 400, 600 కిలోమీటర్ల యాత్రలను మన దేశమున ఆడాక్స్ ఇండియా వారి ఆధ్వర్యమున నడుపుచున్నారు. వాటికి గడువులు పదమూడున్నర, ఇరువది, ఇరువది యేడు, నలువది గంటలు. ఎవరు ముందు, ఎవరు వెనుక యను వరుస వాటిలో లేదు. తన బండిని తానే బాగుచేసికొని, తన దారిని తానే చూచుకొని, గడువులో చేరిన ప్రతివాడును సమానుడే. పోటీతో మత్తెక్కిన ఈ కాలమున ఇంతటి ఉదాత్తమైన నియమము ఆటలలో అరుదు.

ఈ విద్య వలన కలుగు లాభము ఆరోగ్యముతో ముగియదు. గంటకు పదునైదు కిలోమీటర్ల వేగమున పోవువానికి పొలము పొలముగానే కనబడును, "ఎందాకా బాబూ?" యని పత్తిచేని గట్టున నిలిచి అడుగు రైతుకు జవాబు చెప్పుటకు వ్యవధి యుండును, తన దేశము యొక్క ఎత్తుపల్లములు కాళ్ళకు తెలియును. పార్లమెంటు సభ్యుడై యుండి సైకిలు మీద సభకు పోయిన పుచ్చలపల్లి సుందరయ్య గారు ఈ వాహనమునకు మన ప్రజాజీవితమున గౌరవస్థానము నిచ్చిపోయినారు. ఆ గౌరవమును నిలుపుట మన వంతు.

కావున పాఠకులారా, ఈ కార్తీకమున ఒక ఆదివారము ఉదయము మంగళగిరి కొండ నెక్కుడు. మరుసటి నెల కొండవీటికి పొండు. తొందరపడక, ఏడు నియమములు తప్పక, సంక్రాంతి నాటికి నందికనమను దాటుడు. రహదారుల అధికారులు ఈ బాట అంచులను గుంతలు లేకుండ కాపాడినచో, గ్రామస్థులు బస్సు నిలుచు చోట ఒక నీటికుండను ఉంచినచో, లారీ తోలు సోదరులు గజము దూరము విడిచి పోయినచో, మన బిడ్డలు నిర్భయముగా ఈ విద్య నేర్తురు.