మాలపల్లి - గీతలు లేని పుటలు

ఉన్నవ లక్ష్మీనారాయణగారు చెఱసాలలో రచించిన మాలపల్లి 1922లో వెలువడినది. మదరాసు ప్రభుత్వము దానిని నిషేధించినది. ఆ నవలను మొన్న మిత్రులతో గూడి మరల జదివితిమి. పల్లెజనుల నోటిమాటను జంకులేక వాడిన యా తెలుగు నేటికిని వాడలేదు. ఉపన్యాసములు మాత్రము మిక్కుటము. కొన్ని పుటలను దాటవేసితిమి, దాచనేల?

చౌదరయ్య దెబ్బకు సంగదాసు గూలిన ఘట్టమున మాకు గొంతు పెగలదాయెను. పుత్రశోకమును వేదాంతముతో దిగమ్రింగిన రామదాసు నందఱమును వేనోళ్ల గొనియాడితిమి.

అంతవఱకు నూరకున్న యొక సోదరి, "రామదాసు మీ కింత ప్రియుడేల? మిమ్మేమియు నడుగడు గనుకనా? వెంకటదాసు మాట యొక్కరును ఎత్తరేమి?" అనెను.

సమాధానము దోచలేదు. అతడును రామదాసు కొడుకే. అన్యాయమును సహింపలేక తక్కెళ్ళ జగ్గడై ధనికులను దోచినవాడు. తండ్రిని బూజించుట సులభము, మన గాదెకు భయము లేదు. ఈ కొడుకును ప్రేమించుటయే కష్టము. గ్రంథకర్త యిరువురను ఒక్క యింటనే పుట్టించినాడు. మనము ఒక్కరినే మన యింటికి బిలుచుకొంటిమి.

ఇంటికి వచ్చి మా ప్రతిని విప్పి చూచితిమి. రామదాసు మాటల క్రింద గీతలు పెక్కు గలవు. వెంకటదాసు పుటలలో నొక్కటియు లేదు. వచ్చు కూటమున నా భాగమునే మొదట జదువ నిశ్చయించితిమి.