పిలిస్తే పలికే ఆట

పల్నాటి గురజాలలో పుట్టిన ఇల్లూరి అజయ్ కుమార్ రెడ్డికి పసితనంలోనే ఎడమ కన్ను పోయింది. ఎదిగేకొద్దీ కుడి కంటి చూపూ మందగించింది. నరసరావుపేటలోని లూథరన్ అంధుల పాఠశాలలో చదువుకుంటూ చెవితో ఆడే క్రికెట్‌లో ఆరితేరాడు. 2017లో టీ20 ప్రపంచ కప్పు, 2018లో షార్జాలో పాకిస్తాన్‌పై వన్డే ప్రపంచ కప్పు గెలిచిన భారత అంధుల జట్టుకు కెప్టెన్ అతనే. 2024 జనవరిలో రాష్ట్రపతి ద్రౌపది ముర్ము చేతుల మీదుగా అర్జున అవార్డు అందుకున్నాడు. అంధుల క్రికెట్ నుంచి ఆ గౌరవం దక్కిన తొలి ఆటగాడు.

కప్పుల సంగతి అలా ఉంచితే, ఆ ఆట నియమాలే ఎంతో ముచ్చటైనవి. గట్టి ప్లాస్టిక్ బంతి లోపల చిన్న ఉక్కు గుండ్లు ఉంటాయి. ఎండు మిరపకాయను చెవి దగ్గర ఊపితే గింజలు గలగలమన్నట్టు, దొర్లినంతసేపూ బంతి చప్పుడు చేస్తూనే ఉంటుంది. బౌలర్ చేతిని భుజం మీదుగా తిప్పకూడదు, కిందినుంచే వెయ్యాలి. పిచ్ సగం దాటకముందే బంతి నేలను తాకాలి. వేసే ముందు ‘రెడీ?’ అని అడగాలి. బ్యాటర్ ‘యెస్’ అనాలి. ఆపైన ‘ప్లే’ అంటూ వదలాలి. పదకొండు మందిలో కనీసం నలుగురు బొత్తిగా చూపులేనివాళ్ళు ఉండి తీరాలి. వాళ్ళు చేసిన ఒక్క పరుగు రెండుగా లెక్క. బంతి ఒక్కసారి నేలను తాకి లేచాక పట్టుకున్నా వాళ్ళకది క్యాచే.

అడగడం, బదులు వచ్చేదాకా ఆగడం. నడివయసులో షుగరు వల్లో గ్లాకోమా వల్లో చూపు పోయిన మనిషికి సొంత ఇంట్లోనే కరువయ్యేవి ఇవి. ప్రేమకు లోటుండదు. కాఫీ మంచం దగ్గరికే వస్తుంది, ‘నీకెందుకు, కూర్చో’ అన్న మాటా దానితోపాటే వస్తుంది. నిన్నటిదాకా పత్తి బేరం మాట్లాడి వచ్చిన మనిషి, ఏడాది తిరిగేసరికి పెళ్ళిళ్ళకు కూడా రానంటాడు. పడిపోతానన్న భయం కన్నా నలుగురిలో చులకనవుతానన్న భయమే పెద్దది. అక్కడ ఎవరో వచ్చి చెయ్యి పట్టుకుని ‘నేనెవరో చెప్పుకోండి చూద్దాం’ అంటారు. సరదాకే అంటారు, కానీ అందరి ముందూ పెట్టే పరీక్ష అది. ‘మామయ్యా, నేను చిన్నాణ్ణి’ అంటే చాలు, కబుర్లు వాటంతటవే సాగుతాయి. విస్తరి ముందు కూర్చోబెట్టి ‘పప్పు కుడి పక్కన, పచ్చడి పైన’ అని చెబితే మిగతాది ఆయన చూసుకుంటాడు.

నడకకూ ఓ విద్య ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో చూపు పోయిన సైనికుల కోసం అమెరికా సైనిక ఆసుపత్రిలో రిచర్డ్ హూవర్ అనే ఆయన పొడవాటి తెల్ల కర్రతో నడిచే పద్ధతి రూపొందించాడు. కుడి కాలు ముందుకు పడేటప్పుడు కర్ర కొన ఎడమ వైపు ఉండాలి. తర్వాతి అడుగు పడబోయే చోటును అది ముందే తడిమి చెబుతుంది. ఇది ఎవరైనా నేర్పితేనే వస్తుంది. తోడు నడవడమూ అంతే. రెక్క పుచ్చుకుని ముందుకు తోస్తే ఎవరికైనా గుండె జారుతుంది. మన మోచేయి చూపులేని మనిషి పట్టుకుని, అరడుగు వెనకగా నడవాలి. అప్పుడు మెట్టు ఎక్కడుందో, మలుపు ఎటుందో మన ఒంటి కదలికే ఆయనకు చెబుతుంది.

చాలా కుటుంబాలు ‘ఇక చూపు రాదు’ అన్న మాటతో ఆసుపత్రి గడప దిగి, మళ్ళీ ఎక్కవు. నిజానికి పునరావాస శిక్షణ గురించి అడగాల్సింది ఆ రోజే. అలా అడగడానికి విజయవాడ శివారు తాడిగడపలో ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి ఉంది. గుంటూరు నుంచి పొద్దున వెళ్ళి సాయంత్రానికి తిరిగి రావచ్చు. వెళ్ళేటప్పుడు ‘నీకెందుకు, కూర్చో’ అనే మనిషినే తోడు తీసుకెళ్ళడం మంచిది. మోచేయి ఎలా అందించాలో, ఎప్పుడు పిలవాలో, ఎప్పుడు ఊరుకోవాలో వాళ్ళూ నేర్చుకోవాలి కదా.