సారా దుకాణమూ సమాజశాస్త్రమూ

సమాజశాస్త్రం తొలి పాఠాల్లో కుటుంబం ఒక ‘ప్రాథమిక సమూహం’. ఆత్మీయత, సహకారం దాని లక్షణాలని 1909లో చార్లెస్ కూలే చెప్పాడు. ఆ ఆత్మీయత ఎవరి చాకిరీ మీద నిలబడుతోందో ఆ నిర్వచనం అడగదు. 1955లో పార్సన్స్ ఇంకో అడుగు ముందుకేసి సంపాదన మగవాడికీ, మమకారం ఆడదానికీ పంచిపెట్టాడు. నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు ఈ పంపకంలో ఇమడరు. మగవాళ్ళ కూలి సారాకి పోతుంటే ఇళ్ళు నడిచింది వీళ్ళ కూలితోనే.

సొంత కష్టానికీ సామాజిక సమస్యకూ ఉన్న ముడిని చూడగలగడమే సమాజశాస్త్రపు చూపు అన్నాడు 1959లో రైట్ మిల్స్. 1990లో జిల్లాలో మొదలైన అక్షరాస్యతా ఉద్యమంలో, రాత్రి బడుల్లో ఈ స్త్రీలు చేసిందదే. ‘నా ఖర్మ’ అనుకున్న మొగుడి తాగుడు, పాఠం చదివి మాట్లాడుకున్నాక, కాంట్రాక్టరు లాభంగా, సర్కారు ఆదాయంగా కనిపించింది. 1992లో రోశమ్మ, ఆమె తోటివాళ్ళు సారా దుకాణాన్ని మూయించారు. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. 1995 నాటి సంపూర్ణ మద్యనిషేధాన్ని మాత్రం 1997లో ప్రభుత్వమే సడలించింది.

వీళ్ళని ‘సామాజిక ఉద్యమాలు’ అధ్యాయంలో ఒక ఉదాహరణగా చేర్చి ఊరుకుంటే చాలదు. ‘కుటుంబం’ అధ్యాయాన్నే వీళ్ళ వైపు నుంచి తిరగరాయాలి. ఆ పాఠం చదివే ఆడపిల్ల, తనింట్లో అమ్మ తినే దెబ్బల్ని అమ్మ ఒక్కదాని ఖర్మ అనుకోకుండా ఉండాలంటే అది తప్పదు.