ఎన్ని వాట్లదన్నా?

వినాయక చవితి దగ్గర పడితే చాలు, షాద్‌నగర్‌లో లేజర్ లైట్లు కిరాయికిచ్చే మాలాంటి వాళ్లకు ఫోన్లు మొదలైతాయి. అందరూ అడిగేది ఒక్కటే: "ఎన్ని వాట్లదన్నా?" కిరణం ఎంత సన్నగా పోతదని అడిగినవాళ్లు లేరు. నేను ముందు చూసేది మాత్రం అదే.

కిరణం ఎంత విచ్చుకుంటుందో మిల్లీరేడియన్లలో కొలుస్తారు. ఒక మిల్లీరేడియన్ అంటే వంద మీటర్లు పోయేసరికి కిరణం పది సెంటీమీటర్లు విచ్చుకుంటుంది. మూడైతే ముప్పై. వెడల్పు మూడింతలైతే ఉన్న వెలుగే తొమ్మిదింతల చోటుకు సర్దుకోవాలి. అందుకే ఒక మిల్లీరేడియన్ ఉన్న రెండు వాట్ల లైటు ముందు, మూడు మిల్లీరేడియన్ల నాలుగు వాట్లది దూరాన వెలవెలబోతుంది.

ఎక్కువ పేచీ ఎరుపుతోనే. ఆ డయోడ్ వెలుగు గుండ్రటి చుక్కగా రాదు, ఒక దిక్కున ఎక్కువ, ఇంకో దిక్కున తక్కువ విచ్చుకుంటూ గీతలా వస్తుంది. ఎరుపు, ఆకుపచ్చ, నీలం కలిసి దగ్గరి గోడ మీద తెల్లగా ఉన్న వినాయకుడి తొండం, దూరాన నీళ్ల ట్యాంకు మీద వేస్తే అంచులకు ఎర్రబారుతుంది. చీకటి పడ్డాక మూత తీసి, లెన్సు హోల్డర్‌ను వెంట్రుకవాసి తిప్పుతూ ట్యాంకు మీది చుక్కనే చూస్తుండాలి. కుదిరిందనుకుని స్క్రూ బిగిస్తే చుక్క మళ్లీ జరుగుతుంది. ఆ జరిగేదాన్ని ముందే లెక్కేసి, కొంచెం ఇవతలే చెయ్యి ఆపడం పనితనం. అప్పటికీ వినకపోతే ఎరుపు ముందు సిలిండర్ లెన్సుల జత పెట్టాల్సిందే.

బీమ్ ఎక్స్‌పాండర్‌తో కిరణాన్ని మూడింతలు లావు చేస్తే విచ్చుకోవడం మూడో వంతుకు దిగుతుంది, నిజమే. కానీ ఆ లావు కిరణం, దాన్ని అటూ ఇటూ తిప్పి బొమ్మ గీసే గాల్వో అద్దాల మీద పట్టాలి కదా! పెద్ద అద్దం పెడితే బరువు, బరువుతో వేగం తగ్గి బొమ్మ అదురుతుంది. ఉపగ్రహాల సిగ్నళ్లు అందుకునే మా ఊరి ఎన్‌ఆర్‌ఎస్‌సీ గ్రౌండ్ స్టేషన్‌లో అంతంత డిష్‌లు ఎందుకో ఈ పనిలో పడ్డాకే అర్థమైంది. చూపు సన్నగా ఉండాలంటే పళ్లెం పెద్దగా ఉండాలి. వాళ్లు ఉపగ్రహం వెంట నిదానంగా తిప్పుకుంటారు. నా అద్దం సెకనుకు ముప్పై వేల చుక్కలు పెట్టాలి.

బరాత్‌లో జనం మీదికే తిప్పమంటారు. ఒప్పుకోను. ఫోన్ కెమెరానే కాల్చేసే కిరణం కంటిని వదులుతుందా? ఆకాశంలోకి అసలే వద్దు. శంషాబాద్ ఎయిర్‌పోర్టు మనకెంత దూరం! నేనెంత బాగా సరిచేస్తే కిరణం పైలట్ దాకా అంత బలంగా పోతుంది. ఆ లెక్కన నాసిరకం లైటే నయం. వెనక గోడో గుట్టో లేని చోట నేను లైటు దింపను. ఆ షరతు విని వేరేవాళ్లను మాట్లాడుకున్నవాళ్లున్నారు. పోనీ.